ధనంజయ ఇంటి మెత్తనీళ్ళ మిషను

తిరుపతిలో కొత్తగా లేచిన కాలనీల్లో కందిపప్పు ఉడకదు. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం. ఇందుకు మునిసిపాలిటీ వారు గానీ, పప్పు అమ్మిన అంగడివారు గానీ, పొయ్యి ముందు నిలబడిన ఇల్లాలు గానీ ఎంతమాత్రం బాధ్యులు కారు. బాధ్యత యావత్తూ బోర్లది. నూట ఎనభై అడుగుల లోతు నుంచి శ్రమపడి పైకి వచ్చే ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, తలంటుకున్న జుట్టు పీచులా నిలబడుతుంది, ఆరిన బిందె సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. ఇక పప్పు సంగతి. కుక్కరు ఎనిమిది విజిళ్ళు వేసి అలిసిపోయాక మూత తీస్తే, గింజలన్నీ ఎవరి మానాన వారు కూర్చుని ‘ఏం, పిలిచారా?’ అన్నట్టు చూస్తాయి.

అటువంటి కాలనీలో, ఎనభై రెండో సంవత్సరంలో, గాంధీ రోడ్డులో ఇత్తడి, స్టీలు సామాన్ల అంగడి గల ధనంజయ మేడ కట్టుకుని దిగాడు. ఆయన తండ్రి కుప్పయ్య పుంగనూరు మనిషి. కుప్పయ్యకు ఆస్తి పెద్దగా లేదు గానీ పేరుంది. ఆ గడప తొక్కినవాడికి వెన్నలాంటి పప్పు, పైన నెయ్యి, పక్కన ఊరగాయ తప్పేవి కావు. పప్పన్నం కుప్పయ్య ఇల్లేదంటే మదనపల్లె నుంచి పలమనేరు దాకా ఎవరైనా వేలు పెట్టి చూపించేవారు. ఆయన పోయేనాటికి ధనంజయ చెల్లెలు ప్రసూనాంబకు తొమ్మిదేళ్ళు. ఆ పిల్లనూ, ఆ పేరునూ ధనంజయే పెంచాడు.

తిరుపతిలో ఇల్లుగలవాడికి చుట్టాలను వెతుక్కునే పని ఉండదు. ఏడుకొండలవాడే పంపిస్తాడు. ధనంజయ ఇంటికీ పంపించాడు. వచ్చినవారు ఒక పూట తినేవారు, పప్పును ఎదుర్కొనేవారు, మర్నాడు కొండకు పోయి అట్నుంచి అటే బస్సెక్కేవారు. ఊరికి పోయాక మాత్రం ఊరుకునేవారు కారు. ఏడాది తిరిగేసరికి పలమనేరులో ఒక పెళ్ళిలో ఎవరో పెద్దాయన ధనంజయను ఎగాదిగా చూసి, ఎంతో మర్యాదగా, “గులకపప్పు ధనంజయ అంటే నువ్వేనా అప్పా?” అని అడిగాడు. ధనంజయ ఆ పెళ్ళిలో విస్తరి ముందు కూర్చోకుండానే వచ్చేశాడు. పప్పన్నం కుప్పయ్య కడుపున గులకపప్పు ధనంజయ పుట్టాడంటే ఇక బతికేం లాభం? ఈ ఇంట్లో పప్పన్నా ఉడకాలి, తనన్నా ఊరు మారాలి అని భార్య పంకజాక్షితో తేల్చి చెప్పాడు.

మన దేశంలో ఏ మంచి పనైనా సంఘం వెయ్యనిదే మొదలు కాదు కాబట్టి, ఒక సంఘం వేశారు. అందులో ధనంజయ, తల్లి గంగులమ్మ, చిన్నాయన గోవిందయ్య, పక్కింటి హెడ్మాస్టరు సుబ్రమణ్యం సభ్యులు. పంకజాక్షి కేవలం వంట చేసే మనిషి కాబట్టి ఆమెకు సభ్యత్వం దక్కలేదు. ఆమె కాఫీలు అందించింది.

గోవిందయ్య మొదటి ప్రతిపాదన చేశాడు. ఉసిరి మొద్దు బావిలో వేస్తే నీళ్ళు తియ్యగా మారతాయని పెద్దల మాట. పెద్దల కాలంలో బావులుండేవి. ధనంజయ ఇంట్లో ఉన్నది ఆరంగుళాల బోరు. ఇంత చిన్న తేడా సంఘాన్ని ఆపలేకపోయింది. మొద్దును చేటెడు పేళ్ళుగా చీల్చి, పసుపు రాసి, ఒక్కొక్కటే బోరులోకి వదిలారు. నీళ్ళ గుణం మారలేదు, మోటారు గుణం మారింది. దాన్ని పైకి లాగడానికి నలుగురు మనుషులూ మూడు రోజులూ పట్టాయి. పేళ్ళు ఇంకాస్త సన్నంగా చీల్చి ఉండాల్సిందని గోవిందయ్య అభిప్రాయపడ్డాడు.

తర్వాత నాయుడుపేట నుంచి ఒకాయన అయస్కాంతం తెచ్చాడు. దాన్ని గొట్టానికి కట్టేస్తే నీళ్ళలోని ఉప్పు సిగ్గుపడి తప్పుకుంటుందట. ఇది పూర్తిగా శాస్త్రీయమని హెడ్మాస్టరు ధ్రువపరిచాడు. అయస్కాంతం పనిచేయలేదని ఎవరూ అనలేరు. నెల రోజుల్లో ఇంట్లో పోయిన సూదులు, పిన్నీసులు, గంగులమ్మ ముక్కుపొడి డబ్బా మూత, అన్నీ దాని దగ్గరే దొరికాయి. పప్పు ఎప్పటిలాగే ఉంది.

అప్పుడు వచ్చాడు ఆదిమూలం. మద్రాసులో ఏదో కంపెనీకి ఏజెంటు. మెడకు టై, నుదుట విభూతి, చేతిలో తోలుపెట్టె. నీళ్ళను మెత్తబరిచే మిషను తమ దగ్గర ఉందనీ, అయితే ముందు నీళ్ళను పరీక్షించాలనీ చెప్పాడు. చిన్న సీసాలో ఇంటి నీళ్ళు పట్టి, సబ్బు మందు చుక్కచుక్కగా వేసి, గిలకొట్టి, నురగ నిలబడేదాకా లెక్కపెట్టి, చీటీ మీద తొమ్మిది వందల ఇరవై అని రాసిచ్చాడు. అది నీళ్ళ కాఠిన్యం.

ఇక్కడ ఆదిమూలం ఊహించనిది జరిగింది. ధనంజయ ఆ చీటీని రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, కాస్త నిటారుగా కూర్చున్నాడు. తొమ్మిది వందల ఇరవై! బడికి పోయిన కాలంలో అన్ని మార్కులు ఆయన కంటితో చూడలేదు. హెడ్మాస్టరు వెంటనే తన ఇంటి నీళ్ళు తెప్పించాడు. ఏడు వందల ఎనభై వచ్చింది. దిద్దడంలో పొరపాటు జరిగిందని ఆయన మళ్ళీ పరీక్ష పెట్టించాడు. ఏడు వందల అరవై వచ్చింది. సాయంత్రానికి వీధి వీధంతా చెంబులతో వరసలో నిలబడింది. ఆరో ఇంటి నిర్మలమ్మకు వెయ్యిన్ని పది వచ్చేసరికి ధనంజయ మొహం చిన్నబోయింది. ఆమె మాత్రం పొంగిపోయి ఇంటింటికీ బెల్లం పంచిపెట్టింది.

ఆదిమూలం దగ్గర మూడు రకాల మిషన్లున్నాయి. బొమ్మల పుస్తకం తీసి చూపించబోయాడు. బొమ్మ చూసి సామాను కొనే మనిషి కాదు ధనంజయ. చేసేది లేక ఆదిమూలం మూడింటినీ వ్యానులో తెచ్చి వాకిట్లో దించి, ఏది గంటకు ఎన్ని బిందెల నీళ్ళను మెత్తబరుస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. ధనంజయ వినలేదు. ముప్పై ఏళ్ళు పాత్రలమ్మిన మనిషికి పాత్ర ఎలా కొనాలో ఇంకొకరు చెప్పాలా? మొదటిదాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విని, పెదవి విరిచాడు. రెండోదాన్ని ఒంటి చేత్తో లేపి దించేశాడు. మూడోది మందపాటి స్టీలుది. ఇద్దరు పట్టినా సులభంగా లేవలేదు. కొడితే గుడి గంటలా మోగింది. ధనంజయ కళ్ళు మెరిశాయి. ఆయన అడిగినది ఒక్కటే ప్రశ్న.

“ఇది చెడిపోతే పాత సామాను కింద ఎంతకు తీసుకుంటారప్పా?”

పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆదిమూలాన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. నీళ్ళ మిషనును, చచ్చాక దాని బరువును బట్టి ఎంపిక చేయడంలోని దూరదృష్టిని సంఘం ఏకగ్రీవంగా అభినందించింది. అది నిజానికి చిన్న హోటలుకు సరిపోయే మిషను. ఆ సంగతి చెబుదామని ఆదిమూలం నోరు తెరిచాడు గానీ, మంచి బేరం మధ్యలో నోరు తెరవడం ఏజెంటు ధర్మం కాదని మళ్ళీ మూసుకున్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. మిషనులో వారానికోసారి రాళ్ళ ఉప్పు పొయ్యాలన్నాడు ఆదిమూలం. గంగులమ్మ లేచి కూర్చుంది.

“ఊరంతా ఉప్పునీళ్ళని ఏడుస్తా ఉంటే, మళ్ళా ఉప్పు పొయ్యమంటాడేందిరా వీడు?”

ఆదిమూలం ఓపికగా వివరించాడు. జనం ఉప్పునీళ్ళంటారు గానీ ఇందులో ఉన్నది సున్నమట. మిషను లోపల ఆవగింజల్లాంటి సన్నటి గుళ్ళుంటాయి. అవి వచ్చే సున్నాన్ని వచ్చినట్టు పట్టుకుంటాయి. పట్టుకుని పట్టుకుని అలిసిపోతాయి. ఉప్పునీళ్ళు తాగిస్తే తేరుకుని మళ్ళీ పనికి దిగుతాయి. లేకపోతే చేతులెత్తేస్తాయి. ఆ మాటలు చెవిన పడగానే పంకజాక్షి కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోనే నిలబడిపోయింది. అలిసిపోయినవాటికి తేరుకునే ఏర్పాటు ఉన్న వస్తువును ఆ ఇంట్లో ఆమె చూడటం అదే మొదలు. ఉప్పు ఎప్పుడు పొయ్యాలి, ఎంత పొయ్యాలి అన్నవి వంటింటి పనులు కాబట్టి సంఘం వాటిని ఆమెకే వదిలేసింది.

మంచిరోజు చూసి మిషనుకు నిలువు నామాలు పెట్టారు. గోవిందయ్య భక్తి కొద్దీ కొబ్బరికాయను దాని నెత్తినే కొట్టడంతో చిన్న సొట్ట పడింది. పాత సామాను ధర తగ్గిపోయిందని ధనంజయ కాసేపు దిగులుపడ్డాడు. మధ్యాహ్నం పొయ్యి మీద కుక్కరు మూడో విజిలు వేసేసరికి పప్పు నీరై, వెన్నై కూర్చుంది. ధనంజయ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాయన ఎదురుగా కూర్చుని తింటున్నట్టే ఉందన్నాడు.

పుంగనూరికి కబురు చేరడానికి వారం పట్టలేదు. గులకపప్పు పోయి మళ్ళీ పప్పన్నం అయింది ఆ ఇంటి పేరు. పూర్వం ఒక పూటతో సరిపెట్టుకున్న చుట్టాలు ఇప్పుడు నాలుగు రోజులకని వచ్చి ఎనిమిది రోజులున్నారు. ఆడవాళ్ళు తలంటుకోవడానికి కుంకుడుకాయలు మూటగట్టుకుని వచ్చారు. కొండ మీద గుండు చేయించుకున్నవారు, ఆ నీళ్ళతో కడిగితే జుట్టు ఒత్తుగా వస్తుందని, అది వచ్చేదాకా ఉండిపోయారు. మదనపల్లె నుంచి వచ్చిన ఒక కుటుంబం పదిరోజులుండి కొండెక్కకుండానే తిరిగిపోయింది. స్వామి యాడికి పోతాడు, మళ్ళీసారి చూసుకుంటాం లే అన్నారట. ఒకనాటి భోజనాల బంతిలో వాయల్పాడు పెద్దాయన ఎడమచేయి పైకెత్తి, “ధనంజయా, కొండ మీద ఆయనుండాడు, కొండ కింద నువ్వుండావు. మాకింకేం కావాల?” అని ప్రసంగించి, మారు పప్పు వేయించుకున్నాడు. ధనంజయ ఉప్పొంగిపోయాడు. బయటికి పొక్కనివ్వలేదు గానీ, అప్పటికి రెండు నెలలుగా ఆయన అంగట్లో గంగాళాల మధ్య చాప పరుచుకుని పడుకుంటున్నాడు. ఇంట్లో మంచం ఖాళీ లేదు.

పంకజాక్షి ఎక్కడ పడుకుంటున్నదో ఎవరూ అడగలేదు. ఆమె పడుకోగా చూసినవారు లేరు.

ఇలా ఉండగా ఒక శుక్రవారం ఇంట్లో రాళ్ళ ఉప్పు అయిపోయింది. ఇరవై ముగ్గురు ఒకేనాడు తలంటుకోవడంతో గుళ్ళు చేతులెత్తేశాయి. ఆ మధ్యాహ్నం విస్తళ్ళలో పప్పు గింజలు దొర్లాయి. చుట్టాలు ఏమీ అనలేదు. పెద్దమనుషులు. అయితే శనివారం తెల్లవారేసరికి ఒక్కొక్కరికీ ఒక్కో అర్జెంటు పని గుర్తొచ్చింది. ఒకాయనకు చేనుకు నీళ్ళు కట్టాలి, ఒకాయనకు కోర్టులో వాయిదా, ఒకామెకు ఊళ్ళో మొగుడున్నాడు. మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ. పంకజాక్షి వంటింటి గడప మీద తల పెట్టుకుని రెండు గంటలు నిద్రపోయింది. కాపురానికి వచ్చాక పగటిపూట కన్నుమూయడం అదే మొదటిసారి. లేచి మొహం కడుక్కుని, మిషను వైపు చాలాసేపు చూసింది.

అది మొదలు ఆ ఇంటి నీళ్ళకు ఒక క్రమశిక్షణ అలవడింది. చుట్టాలు దిగిన రోజు, మర్నాడు, పప్పు వెన్న. మూడో రోజు గులకరాళ్ళు. నాలుగో రోజుకు చుట్టాలుండరు. మూడు నెలలు గమనించిన మీదట ధనంజయ, పాత్రలమ్ముకునే మనిషైనా బుర్ర ఉన్నవాడే కనుక, భార్యను నిలదీశాడు. వారం వారం పొయ్యాల్సిన ఉప్పు పోస్తున్నావా లేదా అని అడిగాడు.

“పోస్తే ఉంటారు, పొయ్యకపోతే పోతారు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి” అంది పంకజాక్షి.

“మా నాయన పేరేం కావాల?”

“మామ పేరు రెండునాళ్ళు నిలబెడతానే ఉండా గదా. మూడోనాడు నా నడుము నిలబడాల.”

ధనంజయ మండిపడ్డాడు. ఇంత అన్యాయం పప్పన్నం కుప్పయ్య ఇంట జరగడానికి వీల్లేదన్నాడు. అన్నం మీద అలిగి మేడమీదికి పోయి, మూడు నెలలుగా తనకే దక్కుతున్న తన సొంత మంచం మీద పడుకుని ఆలోచించాడు. మంచం మెత్తగా ఉంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బయట పేరుకు వచ్చిన నష్టం కూడా ఏమీ లేదు. పాపం ధనంజయ బంగారం, నీళ్ళే మూడో రోజుకు మొరాయిస్తాయి అని చుట్టాలే ఆయన తరఫున వాదిస్తున్నారు. సాయంత్రం కిందికి దిగి, ఉప్పు వృథా చెయ్యడం మంచిది కాదని భార్యకు సలహా ఇచ్చాడు.

పేరూ నిలిచింది, మంచమూ దక్కింది. ఇక ధనంజయకు ఆ మిషను మీద భక్తి పుట్టింది. కనబడిన చుట్టానికల్లా కొనమని చెప్పాడు. ఏడాదిలో తొమ్మిది ఇళ్ళల్లో మిషన్లు దిగాయి. ప్రతిదాన్నీ ఆయనే కణుపుతో కొట్టి చూసి ఎంపిక చేశాడు. ఆదిమూలం కంపెనీ తరఫున ఆయనకు గోడగడియారం బహూకరించాడు. మిషను దిగిన ప్రతి ఇంటికీ పంకజాక్షి కూడా వెళ్ళి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఆ ఇల్లాలికి ఉప్పు పోసే పద్ధతి నేర్పి వచ్చేది. ఇంత చిన్న పనికి గంటసేపు ఎందుకని ధనంజయ ఒకసారి అడిగాడు. కొలత ముఖ్యమని ఆమె చెప్పింది.

ఎనభై అయిదు వేసవిలో ధనంజయకు ఒక కోరిక కలిగింది. ఇన్నాళ్ళూ అందరికీ పెట్టాడు, తనకు ఒకరు పెడితే కూర్చుని తినాలి. ఎక్కడికి పోవాలన్న ప్రశ్నే లేదు. చెల్లెలు ప్రసూనాంబ శ్రీకాళహస్తిలో ఉంది. బావ ధాన్యం వ్యాపారి. తొమ్మిదో మిషను దిగింది వాళ్ళింట్లోనే. తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు జడలేసి బడికి పంపిన చెల్లెలు. తక్కినవాళ్ళు పోతే చుట్టాలు, తను పోతే అన్న. ఎనిమిది రోజులకు సరిపడా పంచెలు సర్దుకుని బస్సెక్కాడు.

మొదటి రోజు పప్పు వెన్న. రెండో రోజు పప్పు వెన్న. మీద నెయ్యి, పక్కన మామిడికాయ పచ్చడి. ధనంజయ మిషను దగ్గరికి పోయి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, నిక్షేపంగా ఉందని ప్రకటించాడు. వాకిట్లో బావ తరఫు చుట్టాల చెప్పులు ఎనిమిది జతలున్నాయి. వాటిని చూసి, మనుషులకు కొంచెమైనా ఇంగితం ఉండాలి, ఆడపిల్ల ఎంతమందికని వండుతుంది అని చెల్లెలి మీద జాలిపడ్డాడు.

మూడో రోజు విస్తరిలో పప్పు పడిన చప్పుడు వినిపించింది.

ధనంజయ విస్తరి వైపు చూశాడు. తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. ప్రసూనాంబ చూపు గరిటె మీదే ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు.

“నీళ్ళు ఈ పొద్దు ఎందుకో బాగలేవన్నా” అంది.

ఆ మాటలోని ప్రతి అక్షరం ధనంజయకు తెలుసు. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. ఎవరి మీద తెచ్చుకోవాలి? ఏడుపు మాత్రం రాబోయింది. అందులో పప్పు తప్పు కొంచెమే. “నీళ్ళేం చేస్తాయిలేమ్మా, బాగనే ఉండాది” అని, విస్తరిలో ఒక్క గింజ మిగలకుండా నమిలి తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, అంగట్లో ఒక అర్జెంటు పని మరిచిపోయి వచ్చానన్నాడు. ఇంకో రెండునాళ్ళు ఉండకూడదా అన్నా అని ప్రసూనాంబ మెల్లగా అంది. మెల్లగా అన్నదాని అర్థమేమిటో కూడా ధనంజయకు తెలుసు.

తిరుపతి బస్సులో పక్క సీటు మునిరత్నమ్మది. ఆమె ధనంజయ అంగట్లో బిందెలు కొనే మనిషి. అన్ని పంచెలు పెట్టుకుని అప్పుడే తిరిగి వస్తున్నారేమని అడిగింది.

“ఆడ నీళ్ళు పడలేదమ్మా నాకు” అన్నాడు ధనంజయ.

ఆమె సానుభూతిగా తల ఊపింది. తనకూ అంతేనట. మరిది ఇంట్లో రెండు రోజులు బాగానే ఉన్నాయట, నిన్నటి నుంచే పడలేదట. ముందు సీటులోని పెద్దాయన వెనక్కి తిరిగి, తనకు కోడలి పుట్టింట్లో పడలేదన్నాడు. టికెట్లు కొడుతున్న కండక్టరు, పోయిన నెల తనకు సొంత అక్క ఇంట్లోనే పడలేదని చెప్పి, బస్సును ఒక క్షణం ఆలోచనలో పడేశాడు. లెక్క తీస్తే ఆ ఒక్క బస్సులోనే నీళ్ళు పడనివారు పదకొండు మంది తేలారు. మనుషులు బంగారమనీ, నీళ్ళతోనే వచ్చిందనీ పదకొండు మందీ ముక్తకంఠంతో చెప్పారు.

నాటి నుంచి ఆ జిల్లాలో చుట్టరికాలు దివ్యంగా ఉన్నాయి. నిందలన్నీ నీళ్ళు మోస్తున్నాయి, మనిషిని మనిషి ఒక్క మాట అనుకున్న పాపాన పోలేదు. ఇది చదువుతున్న మీరు కూడా ఈ మధ్య ఎవరింటికో పోయి, మూడో రోజుకు నీళ్ళు పడక తిరిగి వచ్చే ఉంటారు. కంగారు పడకండి. ఆ ఇంట్లో అసలు మిషనే లేదంటున్నారు కాబట్టి, మీ విషయంలో మాత్రం అది నిజంగా నీళ్ళ తప్పే అయి ఉంటుంది. ఆ ఇంటివాళ్ళూ మీ గురించి అలాగే చెప్పుకుంటున్నారు.